ముప్పై అయిదున్నర గారి జాడ ఎక్కడ?

తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి అర్ధరాత్రి నిద్రలేపి, క్లోరిన్ పరమాణు భారం ఎంతరా అని అడగండి. కళ్లు తెరవకుండానే ముప్పై అయిదున్నర అంటాడు. అంత బరువున్న క్లోరిన్ పరమాణువు ఒక్కటి చూపించమని మాత్రం అడక్కండి. వాడే కాదు, వాడికి పాఠం చెప్పిన మాస్టారు, మాస్టారికి గైడు అమ్మిన కొట్టువాడు, ఆ గైడు రాసిన పండితుడు నలుగురూ కలిసి బంగాళాఖాతంలో ఉన్న ఉప్పంతా జల్లెడ పట్టినా అలాంటిది దొరకదు. 35 దొరుకుతాయి, 37 దొరుకుతాయి. ఆ అర మాత్రం మన పుస్తకాల్లోనూ, పిల్లల నాలుకల మీదా తప్ప ఇంకెక్కడా లేదు.

ఈ అరను పుట్టించే క్రతువు నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది. బోర్డు మీద ముప్పై అయిదు ఇంటూ డెబ్బై అయిదు బై వంద, ప్లస్ ముప్పై ఏడు ఇంటూ ఇరవై అయిదు బై వంద, ఈజ్ ఈక్వల్ టు ముప్పై అయిదు పాయింట్ అయిదు. కింద రెండు గీతలు. "ఇది ఇంపార్టెంట్, స్టార్ పెట్టుకోండి." పిల్లలు స్టార్ పెట్టుకుంటారు. వెనక బెంచీలోంచి ఒకడు చెయ్యెత్తి, "సార్, ఆ అర ప్రోటానుదా, న్యూట్రానుదా?" అని అడిగాడనుకోండి. ఆ ఏడాది మొత్తంలో ఆ గదిలో పుట్టిన ఒకే ఒక్క రసాయనశాస్త్ర ప్రశ్న అది. దానికి అక్కడ దొరికే జవాబు: "ముందు నువ్వు కూర్చోరా."

పుస్తకాన్ని తిట్టి లాభం లేదు. ఏళ్ల తరబడి దేశమంతా చదివిన ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం ఈ లెక్క చేసి చూపించిన వెంటనే, ఏ ఒక్క క్లోరిన్ పరమాణువుకూ ఈ అర బరువు ఉండదనీ, ఇది రెండు రకాలూ కలిసి ఉన్న గుంపు సగటు మాత్రమేననీ ఒప్పేసుకుంది. కానీ ఆ మాట చేసుకున్న పాపం ఏమిటంటే, దాన్నుంచి బిట్టు రాదు. బిట్టు రాని వాక్యం మన దగ్గర అచ్చయినా అచ్చవనట్టే. ఎవరూ కింద గీత గీయరు, ఏ ఆల్ ఇన్ వన్‌లోనూ ఎక్కదు. పిల్లల చూపు దాన్ని దాటుకుని తిన్నగా ఖాళీలు పూరించండి దగ్గరికి పోతుంది.

దానికి ముందు పాఠంలో డాల్టన్ గారుంటారు. 1808లో ఆయన ఒక మూలకపు పరమాణువులన్నీ ఒకే బరువు, ఒకే గుణాలు కలిగి ఉంటాయన్నారు. పిల్లలు బట్టీ పడతారు. తర్వాతి పాఠంలో ఐసోటోపులొచ్చి, ఒకే మూలకంలో బరువులు వేరైనవాళ్లు ఉంటారంటాయి. అదీ బట్టీ పడతారు. పరీక్షలో అయిదో ప్రశ్నకు అన్నీ ఒకటే అని రాసి, పన్నెండో ప్రశ్నకు అన్నీ ఒకటి కావు అని రాసినవాడికి రెండు చోట్లా పూర్తి మార్కులు పడతాయి. ఒకదాన్ని ఒకటి కొట్టేసే రెండు మాటల్ని ఒకే పూట, ఒకే పెన్నుతో, ఒకే నమ్మకంతో రాయగలగడం చిన్న విద్యేం కాదు. ఎన్నికల్లో నిలబడే వయసొచ్చాక ఎలాగూ అక్కరకొస్తుంది.

నిజం చెప్పాలంటే ముప్పై అయిదున్నర మర్యాదస్తుడు. పక్కన ఆ అర వేలాడుతూ ఉండడంతో ఎక్కడో ఏదో తేడా ఉందని చూసేవాడికి అనుమానమైనా వస్తుంది. ఘరానా మనిషి బ్రోమిన్. పట్టికలో 80 అని శుభ్రమైన పూర్ణాంకం వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో కూర్చుంటాడు. ప్రకృతిలోని బ్రోమిన్‌లో ఇంచుమించు సగం 79, ఇంచుమించు సగం 81. 80 అనేవాడు సహజంగా ఎక్కడా లేడు. రియాక్టర్లో కష్టపడి పుట్టిస్తే పుడతాడు గానీ, పద్దెనిమిది నిమిషాలు నిండకముందే సగం మంది బూడిదవుతారు. ఇంత కూడా బతకనివాడి బరువును బ్రోమిన్ వంశం మొత్తానికి ఇంటిపేరు చేశాం. వెండి సంగతీ అంతే. 107 సగానికి కాస్త ఎక్కువ, 109 సగానికి కాస్త తక్కువ, సగటు 107.87. బడి పుస్తకంలో అది 108 అవుతుంది. నూటెనిమిది అనేసరికి మనకు అష్టోత్తరం గుర్తొస్తుంది, అంబులెన్సు గుర్తొస్తుంది. అనుమానం మాత్రం రాదు.

అదే ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం అభ్యాసాల్లో ఒక ఆణిముత్యం ఉంది. X అనే మూలకం నమూనాకు సగటు ద్రవ్యరాశి 16.2 అట. ద్రవ్యరాశి సంఖ్యలు 16, 18 ఉన్న దాని ఐసోటోపుల శాతాలు కట్టమంటుంది. జవాబు 90, 10. ముఖానికి X అని ముసుగు తొడిగారు గానీ, పరమాణు సంఖ్య 8 అని పక్కనే రాసిపెట్టారు. ఎనిమిది ప్రోటాన్లున్నవాడు ఆక్సిజన్ కాక ఇంకెవడు? మనం పీల్చే ఆక్సిజన్‌లో 18 ఉండేది వెయ్యికి రెండే. దాని అసలు సగటు 15.999, అంటే పదహారుకు వెంట్రుకవాసి తక్కువే. ఈ X గారిలో అది నూటికి పది. "నమూనా" అన్నారు కాబట్టి న్యాయస్థానంలో నిలుస్తుంది. ఎవరో మహాదాత ఆక్సిజన్-18ను దాదాపు యాభై రెట్లు చిక్కబరిచి, ఆ సీసాను తొమ్మిదో తరగతి అభ్యాసానికి విరాళమిచ్చారని సరిపెట్టుకోవాలి. లెక్క మధ్యలో ఆగి, "ఎనిమిదంటే ఆక్సిజన్ కదా, ఆక్సిజన్ పదహారే కదా" అన్నవాడికి మాత్రం ఇంట్లోనూ బళ్లోనూ ఒకటే సలహా: లెక్కలో కెమిస్ట్రీ వెతక్కు.

ఇంతకన్నా పెద్ద మోసం ఇంకొకటుంది. ఒక పేజీలో శాతాలిచ్చి సగటు కట్టమంటారు. ఇంకో పేజీలో సగటిచ్చి శాతాలు కట్టమంటారు. దీన్నుంచి అదీ, దాన్నుంచి ఇదీ వస్తూ ఉంటే పిల్లాడికి ఈ రెండూ ఒకదాన్ని ఒకటి కన్నాయనిపిస్తుంది. ఆ 75 శాతాన్ని ఎవరు చూశారు, దేనితో చూశారు, చూడకముందు ఏమనుకునేవారు అన్నది బోర్డు మీదికి ఎప్పుడూ రాదు.

చూడకముందు మనుషులకు ఈ అర వల్ల నూరేళ్లు నిద్ర లేదు. 1815లో విలియం ప్రౌట్ అనే లండన్ వైద్యుడు తన పేరు కూడా వేసుకోకుండా ఒక వ్యాసం అచ్చేయించాడు. మూలకాల బరువులన్నీ హైడ్రోజన్ బరువుకు సరిగ్గా ఇన్ని రెట్లని వస్తున్నాయి, అన్నింటికీ ముడిసరుకు హైడ్రోజనేనేమో అన్న ఆలోచన అక్కణ్ణుంచి బయల్దేరింది. ఎంత ముచ్చటైన ఊహ! క్లోరిన్ వచ్చి దాని పీక మీద కూర్చుంది. ఎంత జాగ్రత్తగా తూచినా 35కీ రాదు, 36కీ రాదు, నట్టనడుమ నిలబడుతుంది. బెల్జియంలో జాన్ స్టాస్ ఏళ్లకేళ్లు త్రాసుల ముందు తపస్సు చేసి, ఆ కాలానికి ఎవరివల్లా కానంత ఖచ్చితంగా తూచి, ప్రౌట్‌ది ఒట్టి భ్రమ అని తీర్పిచ్చాడు. 1886లో విలియం క్రూక్స్ మెల్లగా ఒక మాటన్నాడు. ఒకే మూలకంలో కొన్ని బరువువీ, కొన్ని తేలికవీ పరమాణువులు కలిసి ఉంటే, మనం ఇన్నాళ్లూ తూచింది వాటి సగటునేమో? మాట బాగుంది, ఆయన చేతిలో రుజువు లేదు.

1913లో గ్లాస్గోలో ఫ్రెడరిక్ సాడీ రేడియోధార్మిక పదార్థాలతో పెనుగులాడుతూ, ఆవర్తన పట్టికలో ఒకే గడిలో వేర్వేరు బరువులవాళ్లని కూర్చోబెట్టక తప్పదని గ్రహించి, వాటికి ఐసోటోపులని పేరు పెట్టాడు. మరుసటేడు హార్వర్డులో థియోడోర్ రిచర్డ్స్ యురేనియం ఖనిజాల్లోంచి తీసిన సీసాన్ని తూచి, అది మామూలు సీసం కన్నా తేలికని త్రాసు మీదే చూపించాడు. అదే సీసం, అవే గుణాలు. గని మారితే బరువు మారింది! చివరికి 1919లో కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ ఆస్టన్ తన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి క్లోరిన్ పంపించాడు. ఫొటో పలక మీద 35 దగ్గర ఒక గీత పడింది, 37 దగ్గర ఒక గీత పడింది. త్రాసులన్నీ కట్టగట్టుకుని సాక్ష్యం చెప్పిన ఆ నడిమి చోట ఏమీ లేదు. స్టాస్ తూచింది సరిగ్గానే తూచాడు, ప్రౌట్ అనుమానించిందీ మరీ పిచ్చిగా ఏమీ లేదు. ఇద్దరి మధ్యా శతాబ్దం పాటు నడిచిన వ్యాజ్యాన్ని ఆస్టన్ ఒక ఫొటోతో కొట్టేశాడు. 1922లో నోబెల్ ఇచ్చారు.

ఇదంతా మన సిలబస్‌లో ఎంతైందంటే: "క్లోరిన్ ఐసోటోపులు 35, 37. నిష్పత్తి 3:1." తీర్పు కాపీ మాత్రం చేతిలో పెట్టి, కేసేమిటో చెప్పకుండా పంపించేస్తాం. పాపం ఆస్టన్ పేరు ఏ ఒక మార్కు ప్రశ్నలోనో వస్తే, దాన్ని జె.జె. థామ్సన్‌తో జతపరిచి వచ్చేవాళ్లూ ఉంటారు. నిజానికి అది కూడా మరీ అంత తప్పేం కాదు, నియాన్‌లో 20కి తోడు 22 కూడా ఉన్నట్టు థామ్సన్ ప్రయోగాల్లోనే ముందు కనిపించింది. కీ మాత్రం ఒప్పుకోదు.

ఆస్టన్ యంత్రం మన ఊళ్లలో లేదని ఎవరైనా చిన్నబుచ్చుకుంటారేమో. ఎందుకు లేదు? ఊరికి నాలుగున్నాయి. వాటిని కార్పొరేట్ కాలేజీలంటారు. ఆ యంత్రం పనితనం ఇదీ: ముందు లోపలున్న గాలినంతా తోడెయ్యాలి, తర్వాత పరమాణువులోంచి ఎలక్ట్రాను ఊడగొట్టి ఛార్జి ఎక్కించాలి, విద్యుత్ క్షేత్రంతో తరిమి పరుగెత్తించాలి, ఆ పరుగును అయస్కాంతం మధ్య నుంచి పోనియ్యాలి. తేలికది ఎక్కువ వంగుతుంది, బరువైనది తక్కువ వంగుతుంది. అవతల పలక మీద ఎవరి గీత వాళ్లది. ఇక మన యంత్రం చూడండి. గాలి తోడే పనిని హాస్టల్ చూసుకుంటుంది. పండగలు, క్రికెట్టు, కథల పుస్తకాలు, అమ్మ ఫోను, అన్నీ జూన్ నెలాఖరుకల్లా బయటికి పోతాయి. ఊడగొట్టే పని అకౌంట్స్ కౌంటర్ది. అక్కడ ఊడేది ఎలక్ట్రాను కాదు, నాన్నగారి ఎకరం. తరిమే పనికి తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లున్నాయి. అయస్కాంతం పేరు వీకెండ్ టెస్టు. సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద గీతలు పడతాయి. స్టార్ బ్యాచ్ ఒక గీత, దాని కింద ఇంకో గీత, అన్నింటికీ అడుగున పేరు కూడా పెట్టని సెక్షన్. యూనిఫాం ఒకటే, మెస్సులో సాంబారు ఒకటే, తిట్లూ ఒకటే. రసాయన గుణాలన్నీ సమానం, తేడా బరువులోనే. ఆస్టన్ వాయువులతో ఇంత నిక్కచ్చిగా చేసి ఉంటే రెండో నోబెల్ కూడా వచ్చేదేమో.

సరే, వేరుచేయడం దాకా శాస్త్రీయంగానే నడిచింది. వెయిటెడ్ యావరేజి అంటే ఏమిటో పిల్లల బుర్రలో మేకులు కొట్టి దిగేసిన ఈ సంస్థలే, ఫలితాలు వచ్చిన మర్నాడు ఆ పాఠాన్ని శుభ్రంగా మరిచిపోతాయి. ఆరోజు పేపరు తెరిస్తే మొదటి పేజీలో వార్త ఉండదు. 1, 1, 2, 3, 5, 7 అని గుమ్మడికాయంత అంకెలు, వాటి కింద తపాలా బిళ్లలంత పిల్లలు. లభ్యత శాతం ఎక్కడుందో భూతద్దంతో వెతికినా కనబడదు. ఎంతమందిలో ఈ ఆరుగురు? మిగిలినవాళ్ల సగటెంత? ఒక సంస్థలో పదివేల మంది రాస్తే పదిమందికి పెద్ద ర్యాంకులొచ్చాయనుకుందాం. అంటే వెయ్యికి ఒకరు. ఆక్సిజన్-18కి వెయ్యికి రెండు ఉన్నాయి, ఆ లెక్కన అదే నయం. ఈ పద్ధతిలో ఆక్సిజన్ గనక ఫ్లెక్సీ వేయించుకుంటే, "మా బరువు 18, 18, 18!" అని కూడలిలో కట్టించుకోవాలి. హైడ్రోజన్‌లో డ్యుటీరియం 6,400కి ఒకటి ఉంటుంది, కాబట్టి "హైడ్రోజన్ అంటేనే 2" అని టీవీల్లో పాట వేయించాలి. అంతర్జాతీయ రసాయన సంఘం ఐయూప్యాక్‌కు అడ్మిషన్ల గొడవ లేదు కనుక 1.008 అని ఉన్నది ఉన్నట్టు రాసుకుంది.

ఐయూప్యాక్ పట్టికలో ఇంకో సుఖం ఉంది. ఒక పరమాణువును నాలుగు మూలకాలు మావాడంటే మావాడని ఫొటో వేసుకోవు.

తల్లిదండ్రుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆరు బొమ్మలూ చూసి మావాడూ ఏడో ర్యాంకుకు తక్కువ కాడని సంతకం పెడతారు. మధ్యలో పిల్లాడికి "యావరేజ్ స్టూడెంట్" అని ముద్ర పడుతుంది. లెక్కల్లో నూటికి తొంభై, తెలుగులో నలభై అయిదు, బయాలజీ బొమ్మల్లో నూటికి నూరు తెచ్చుకునేవాడు ఏ సబ్జెక్టులోనూ ఆ సగటు దగ్గర ఉండడు. అయినా ప్రోగ్రెస్ కార్డు అడుగున ఆ అంకే వాడి పేరైపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం కోచింగువాళ్లకు దండం పెట్టాలి. వాళ్లు ఒక ట్రిక్కు నేర్పుతారు. 35 నుంచి 37కు రెండు మెట్లు. సగటు అర మెట్టు ఎక్కి ఆగింది. రెండులో అర అంటే పావు వంతు, కాబట్టి 37లు పావు వంతు. పెన్ను కదపక్కర్లేదు. దీన్ని ముప్పై సెకన్లలో బిట్టు కొట్టడానికే నేర్పుతారు గానీ, బోర్డు మీది పెద్ద సూత్రంలో లేని రసాయనశాస్త్రం ఈ ట్రిక్కులో ఉంది. సగటు ఎటు ఒరిగిందో చూస్తే జనం ఎటు ఎక్కువున్నారో తెలిసిపోతుంది. రాగి 63, 65ల మధ్య 63.5 దగ్గర ఆగితే 63లే ఎక్కువ. బోరాన్ 10.8 అంటే 11లు నూటికి ఎనభై. నియాన్ 20.18 అంటే 20లే రాజ్యమేలుతున్నాయి. ఏ పిల్లాడైనా పట్టిక ముందు కూర్చుని ఈ ఆట ఆడుకుంటే మధ్యాహ్నం హాయిగా గడుస్తుంది. ఆడుకోనివ్వరు, తర్వాతి ట్రిక్కు ఉంది.

ఇక కార్బన్. పరమాణు భారం సాపేక్షం అంటారు, దేనికి సాపేక్షం అంటే, కార్బన్-12లో పన్నెండో వంతుకు. ఇది మంత్రం. కార్బన్ సరిగ్గా పన్నెండని ఈ గంటలో చెప్పి, పక్క గంటలో పట్టిక తగిలిస్తారు. అందులో 12.011 అని ఉంటుంది. కొలబద్దే తన కొలత తప్పు చెబుతోందేమిటని పిల్లాడు కంగారు పడి అడిగితే దొరికే మందు "రౌండాఫ్". జవాబు చెప్పడానికి అర నిమిషం చాలు. పన్నెండని నిర్ణయించింది ఒక్క కార్బన్-12 ఐసోటోపుకే. బొగ్గులో, చక్కెరలో, మన ఒంట్లో నూటికి ఒకటి చొప్పున కార్బన్-13 కూడా ఉంది, అది సగటును ఆ కొంచెం పైకి లాగింది. ఈ కొలబద్ద విషయంలో పెద్దవాళ్లూ తక్కువ తినలేదు. 1929లో ఆక్సిజన్‌కూ ఐసోటోపులున్నాయని బయటపడ్డాక, రసాయనశాస్త్రవేత్తలు కలగూరగంపగా ఉన్న మామూలు ఆక్సిజన్‌ను 16 అనుకుని తూచేవారు, భౌతికశాస్త్రవేత్తలు శుద్ధమైన ఆక్సిజన్-16ను 16 అనుకుని తూచేవారు. ఒకే పరమాణువుకు రెండు శాఖల్లో రెండు బరువులు. 1961 ప్రాంతంలో ఇద్దరూ చెరో మెట్టు దిగి కార్బన్-12 దగ్గర రాజీపడ్డారు. మన పిల్లలు బట్టీపట్టే ఆ పన్నెండో వంతు నిజానికి ఒక రాజీపత్రం.

మరి క్లోరిన్ 35.5 లెక్కైనా సరైనదేనా? 35 అన్నది బరువు కాదు. 17 ప్రోటాన్లు, 18 న్యూట్రాన్లు, వెరసి 35 తలకాయలని లెక్కపెట్టాం. తూస్తే అది 34.969 వస్తుంది, 37 అనుకున్నది 36.966 వస్తుంది. శాతాలూ 75, 25 కావు. 75.8, 24.2 చిల్లర. అసలు శాతాలతో తలకాయల లెక్క కలిపితే 35.48 వస్తుంది, అసలు శాతాలతో అసలు బరువులు కలిపితే 35.45. బరువుల దగ్గర ఒక అబద్ధం, శాతాల దగ్గర ఒక అబద్ధం ఆడితే గానీ ఆ పవిత్రమైన అర దక్కదు. ఆ తగ్గిన పిసరు ఎక్కడికి పోయిందని అడిగితే కేంద్రకం కట్టుబడి శక్తి దాకా, సూర్యుడు ఎందుకు మండుతున్నాడన్నదాకా వెళ్లాల్సొస్తుంది. ఈలోగా బెల్లు కొడతారు.

సగటు మీద నాకు కోపం లేదు. ఒక గ్రాము ఉప్పులో ఉన్న క్లోరిన్ పరమాణువుల్ని అంకెల్లో రాయాలంటే 1 పక్కన 22 సున్నాలు పెట్టాలి. అంత జనాభాలో మూడుకు ఒకటి అన్న పాలు బాపట్లలో తీసిన ఉప్పైనా, కచ్‌లో తీసిన ఉప్పైనా చెదరదు. త్రాసుకు ఒక్కొక్కణ్ణి పలకరించే తీరికా లేదు, అవసరమూ లేదు. గుంపును తూచేవాడికి గుంపు సగటే న్యాయం, టైట్రేషన్ చేసేవాడికి 35.5 చాలు. ఆ న్యాయం ఎక్కడిదాకా చెల్లుతుందో చెప్పకుండా అంకె ఒక్కటే చేతిలో పెట్టడం మీదే నా ఫిర్యాదు.

"ఐసోటోపుల రసాయన గుణాలు ఒకటే. తప్పా, ఒప్పా?" ఒప్పు అని రాసి ఒక మార్కు తెచ్చుకున్న పిల్లల్లో కొందరు మణుగూరు చుట్టుపక్కలవాళ్లే అయ్యుంటారు. వాళ్ల పక్కనే అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం ఉంది. గోదావరి నీళ్లు తోడుకుని, వాటిని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో టవర్లలో మళ్లీ మళ్లీ కలుపుతారు. చల్లటి టవర్లో డ్యుటీరియం నీటివైపు ఎక్కువ మొగ్గుతుంది, వేడి టవర్లో ఆ మొగ్గు తగ్గి వాయువులోకి జారుకుంటుంది. ఆ పిసరంత మొగ్గును పట్టుకుని, 6,400కి ఒకటిగా ఉన్నదాన్ని చిక్కబరిచి, దాదాపు శుద్ధమైన భారజలం తీసి, సహజ యురేనియంతో నడిచే మన రియాక్టర్లకు పంపుతారు. గుణాలు నిజంగా ఒకటే అయితే ఆ టవర్లు ఆవిరి వృథా చేసుకుంటూ నిలబడాలి. క్లోరిన్ విషయంలో "ఒకటే" అంటే పెద్దగా పాపం లేదు. హైడ్రోజన్‌కు ఒక న్యూట్రాను చేరితే బరువు రెట్టింపవుతుంది, దాంతో కథ మారుతుంది. భారజలం 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ఆ గడ్డ మామూలు నీళ్లలో వేస్తే మునుగుతుంది. అచ్చమైన భారజలం పోస్తే చాలా విత్తనాలు మొలకెత్తవు. ఇవేవీ అక్కడి బడిలో చెప్పరు. వాళ్లకు ఉన్నది జతపరచండి: యురేనియం - ఇంధనం, కోబాల్ట్ - క్యాన్సర్, అయోడిన్ - గాయిటర్. గోదావరికి జత లేదు.

ఇంతలో ఐయూప్యాక్ ఇంకో గొడవ తెచ్చిపెట్టింది. 2010 చివర్లో, ఐసోటోపుల పాళ్లు చోటునుబట్టీ సరుకునుబట్టీ నిజంగానే మారుతున్నాయి కాబట్టి ఒకే అంకె ఇవ్వడం న్యాయం కాదని, పది మూలకాలకు కింద హద్దు, పై హద్దు ప్రకటించింది. క్లోరిన్‌కు 35.446 నుంచి 35.457 దాకా. లిథియంకు 6.938 నుంచి 6.997 దాకా. లిథియం కథైతే సినిమాకు పనికొస్తుంది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా హైడ్రోజన్ బాంబుల కోసం లిథియం-6ను తీసేసుకుని, మిగిలిన పిప్పి బజారులోకి వదిలితే, దుకాణంలో కొన్న సీసాలోది గనిలోదానికన్నా బరువు తూగింది. తర్వాత సీసాన్నీ ఈ జాబితాలో చేర్చారు. రిచర్డ్స్ ఎప్పుడో త్రాసు మీద చూపించిందే. ప్రకృతి తన అంకెల్ని ఇలా అటూ ఇటూ జరుపుకుంటోందని మన బోర్డులకు ఎవరైనా చెప్పారో లేదో తెలీదు గానీ, స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్న మాస్టారి ముందున్న కీలో మాత్రం 35.5 అని గట్టిగా, ఒంటరిగా, నిబ్బరంగా ఉంది. ఏ పిల్లదైనా "నమూనాను బట్టి 35.446, 35.457 మధ్య" అని రాసిందనుకోండి. ఆవిడ చదివింది ఐయూప్యాక్, ఆయన చదివింది కీ. కట్టలో ఇంకా చాలా పేపర్లున్నాయి, మధ్యాహ్నం భోజనం టైమైంది. సున్నా.

అందుకని పరీక్షల విభాగానికి ఒక చిన్న మనవి. వచ్చే ఏడు ఒక మార్కు ప్రశ్నల్లో ఇది ఒక్కటి వేయండి: "పది గ్రాముల వెండి పట్టీల్లో 108 ద్రవ్యరాశి సంఖ్య ఉన్న పరమాణువులు ఎన్ని?" జవాబు సున్నా. వేయరని తెలుసు. వేశారే అనుకోండి, ఆ సాయంత్రానికే ప్రశ్న గైడులో లేదని ఒక ప్రకటన, సిలబస్‌లో లేదని ఒక వినతిపత్రం, అవొగాడ్రో సంఖ్యతో గుణించి బోలెడంత పెద్ద జవాబు రాసిన టాపర్ల తల్లిదండ్రుల ధర్నా. టీవీలో చర్చ పెడతారు, అందులో కెమిస్ట్రీవాళ్లు ఉండరు. మూడో రోజు బోర్డు ఒక కమిటీ వేస్తుంది. కమిటీ కూర్చుని, ప్రశ్న సరైనదే, జవాబూ సరైనదే, కానీ ఇబ్బందికరం అని తేల్చి, సున్నా రాసినవాళ్లకూ, లక్షకోట్లు రాసినవాళ్లకూ, ఆ ప్రశ్న వదిలేసినవాళ్లకూ తేడా లేకుండా అందరికీ ఒక మార్కు కలపమంటుంది. కలుపుతారు. రాష్ట్ర సగటు సరిగ్గా ఒక్క మార్కు పెరుగుతుంది.